బల్లలు పడద్రోసిందీ, బిడ్డల్ని ఎత్తుకున్నదీ ఒక్కరేనా?

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. యూత్ మీటింగ్‌లో కొందరు "యేసు ప్రభువు సాత్వికుడు, ఎవరినీ నొప్పించలేదు" అన్నారని, ఇంకొందరు "దేవాలయంలో వ్యాపారుల్ని కొరడా పట్టి తరిమినవాడు మెతక మనిషి ఎలా అవుతాడు" అన్నారని, మాటా మాటా పెరిగి ముగింపు ప్రార్థన కూడా లేకుండా ఇళ్లకు వెళ్లిపోయారని రాశారు. చివర్లో ఇంకో సంగతి ఒక్క లైనులో చెప్పి వదిలేశారు. సంఘం లెక్కలు అడిగిన ఒకాయనతో పెద్దలు "యేసు నోరు తెరవలేదు, నువ్వూ తెరవకు" అన్నారట. మీ గొడవకు వేరు అక్కడే ఉందని నాకనిపిస్తోంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందే చెప్పేస్తాను, నేను పాస్టర్ని కాను. గుంటూరు వైపు పల్లెలో లూథరన్ ఇంట్లో పుట్టాను. ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూల్లోనూ, పెద్దవాళ్ల బైబిలు క్లాసుల్లోనూ చెబుతున్నాను. గ్రీకు కొంత నేర్చుకున్నాను. అది కూడా ఎంత తెలియదో తెలుసుకోవడానికి సరిపడా.

మొదట ఆ "సాత్వికుడు" అనే మాట సంగతి చూద్దాం. సగం తకరారు దానివల్లే. మత్తయి 11:29లో ప్రభువు "నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను" అంటాడు. తెలుగులో ఈ మాట వినగానే మన బుర్రలోకి ఏమొస్తుంది? ఉల్లి వెల్లుల్లి లేని సాత్వికాహారం. పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి చాలా సాత్వికుడండీ" అనే మాట, అంటే ఎవరేమన్నా తల వంచుకుని పోతాడని. ఆ అర్థం పట్టుకుని సువార్తల్లోకి వెళ్తే కొరడా చూసి కంగారు పడక తప్పదు. కానీ ఆ మాట పుట్టింది "సత్త్వం" నుంచి. మనం రోజూ వాడే "సత్తువ" కూడా దాని బిడ్డే. వంట్లో సత్తువ లేదు అంటాం చూడండి, అదే. సాత్వికుడు అంటే చేవలేనివాడు అన్న అర్థం మనం తర్వాత ఎక్కించుకున్నదే.

గ్రీకులో అక్కడున్న మాట "ప్రౌస్". మత్తయి దీన్ని మూడుచోట్ల వాడాడు: "సాత్వికులు ధన్యులు" అన్న కొండమీది ప్రసంగంలో, ఇప్పుడు చెప్పిన 11వ అధ్యాయంలో, గాడిదనెక్కి యెరూషలేములో ప్రవేశించిన 21వ అధ్యాయంలో. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఈ గుణానికి ఇచ్చిన వివరణ నాకు ఇష్టం. అతికోపానికీ, కోపమే రాని మొద్దుతనానికీ నడుమ ఉండే గుణం ఇదంటాడు. కోపం రావలసిన విషయం మీద, రావలసిన మనిషి మీద, తగిన మోతాదులో, తగిన వేళలో వస్తే వాడే ఈ గుణం ఉన్నవాడట. కోపం రావలసినచోట రానివాణ్ణి ఆయన మెచ్చుకోలేదు. (ప్రసంగాల్లో "ప్రౌస్ అంటే యుద్ధానికి తయారుచేసిన గుర్రం" అని ఊగిపోతూ చెబుతుంటారు. మచ్చిక చేసిన జంతువులకు ఆ మాట వాడిన మాట నిజమే. అంతమాత్రాన అది సైనికుల పారిభాషిక పదం అయిపోదు. గుర్రాన్ని ఒక ఉదాహరణగా చెప్పండి, నిఘంటువుగా కాదు.)

పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఇదే మాట ఎవరికి వాడారో తెలుసా? మోషేకి. సంఖ్యాకాండము 12:3లో భూమి మీదున్న వారందరిలో మిక్కిలి సాత్వికుడు ఆయనే. రాతి పలకలు కొండ కింద పగలగొట్టి, బంగారు దూడను కాల్చి, పొడి చేసి, నీళ్లలో కలిపి జనం చేత తాగించినదీ ఆయనే. బైబిలు రాసినవాళ్లకు ఈ రెంటికీ పొత్తు కుదరదన్న ఆలోచనే రాలేదు.

ఇక నేను క్లాసులో తరచు చేయించే పని ఒకటి. "రండి, విశ్రాంతి ఇస్తాను" అన్న మాట ఏ అధ్యాయంలో ఉందో ఆ అధ్యాయం మొత్తం పైకి చదవమంటాను. విశ్రాంతి మాట 28వ వచనంలో వస్తుంది. దానికి ఎనిమిది వచనాల ముందు ఆయన తాను అద్భుతాలు చేసిన ఊళ్లనే పేరు పెట్టి గద్దిస్తున్నాడు: అయ్యో కొరాజీనా, అయ్యో బేత్సయిదా, కపెర్నహూమా. తర్వాతి అధ్యాయం తీయండి. "నలిగిన రెల్లును విరువడు, మకమకలాడుచున్న అవిసెనారను ఆర్పడు" అని యెషయా మాటను మత్తయి ఆయనకే అన్వయిస్తాడు. అదే అధ్యాయం 34వ వచనంలో అదే నోటితో "సర్పసంతానమా" అంటాడు. 21వ అధ్యాయం 5వ వచనంలో "నీ రాజు సాత్వికుడై", 12వ వచనంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు నేల మీద. 23వ అధ్యాయం నిండా "అయ్యో, వేషధారులైన శాస్త్రులారా, పరిసయ్యులారా". చివరికొచ్చేసరికి కోడి రెక్కల కింద పిల్లల్ని చేర్చుకున్నట్టు మిమ్మల్ని చేర్చుకోవాలనుకున్నాను, మీరు ఒప్పుకోలేదు అన్న బాధ. మత్తయి ఇవి విడదీసి రాయలేదు. కేలండర్‌కు ఒక వచనం, గోడకు ఒక వచనం అని విడదీసుకున్నది మనం.

కేలండర్ అన్నాను కాబట్టి మన ఇళ్లలో బాగా కనబడే ఇంకో బొమ్మ సంగతి. ప్రభువు రాతి మీద కూర్చుని ఉంటాడు, ఒళ్లో ఒక పాప, చుట్టూ పిల్లలు, వెనక పచ్చని కొండ. మా సండే స్కూలు గదిలో నా చిన్నప్పటి నుంచీ ఉన్న బొమ్మ అదే, చెమ్మకు ఒక మూల ఊడిపోయి ఉండేది. మృదువైన యేసు అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. మరి ఆ సంఘటన మార్కు 10వ అధ్యాయంలో ఎలా మొదలవుతుంది? తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చారు, శిష్యులు గద్దించారు, "యేసు అది చూచి కోపపడి" అని ఉంది. కోపపడి! మత్తయి, లూకా ఇదే సంఘటన రాసి ఆ మాట వదిలేశారు. మార్కు ఉంచాడు. అంటే మన గోడ మీద ఉన్న ఆ ప్రశాంతమైన బొమ్మకు ఒక్క నిమిషం ముందు ఆయన మొహం ఎర్రబడి ఉంది. ఆ కోపం లేకపోతే పిల్లలు ఆయన ఒళ్లోకి చేరేవాళ్లే కాదు, గుమ్మం దగ్గరి నుంచే తిరిగి ఇంటికి పోయేవాళ్లు. అక్కడ అడ్డుపడినవాళ్లెవరో కూడా చూడండి. పరిసయ్యులు కారు, ఆయన సొంత మనుషులు.

అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకు వెళ్తే ఆస్తిపరుడు వస్తాడు. "యేసు అతని చూచి అతని ప్రేమించి" అని రాశాక వచ్చే మాట, ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి రమ్మని. ఆ మనిషి చిన్నబోయి వెళ్లిపోయాడు. ప్రేమించినందుకు మెత్తగా చెప్పి ఊరుకోలేదు, కఠినంగా చెప్పాడని ప్రేమ లేదనడానికీ వీల్లేదు. వెళ్లిపోతుంటే వెనక పరుగెత్తి "సగం ఇచ్చినా చాలులే" అని బేరమూ ఆడలేదు. ఈ ఒక్క వచనం మీ మీటింగ్‌లో రెండు వర్గాలకూ ఇబ్బందిగానే ఉంటుంది.

ఇప్పుడు దేవాలయం సంగతి. రెండో వర్గానికి ఇదే బ్రహ్మాస్త్రం కదా. ఆవేశంలో ఒళ్లు మరిచి చేసిన పనిలా దాన్ని చెబుతుంటారు. మార్కు 11:11 చదవండి. ఆయన యెరూషలేము చేరి, దేవాలయంలోకి వెళ్లి, చుట్టూ సమస్తం చూసి, అప్పటికే సాయంకాలమైంది కాబట్టి పన్నెండుమందితో బేతనియకు వెళ్లిపోయాడు. బల్లలు పడద్రోసింది మర్నాడు. ఒక రాత్రి నిద్రపోయి లేచాక. యోహాను సువార్తలో ఇది పరిచర్య మొదట్లోనే వస్తుంది, కొరడా మాట ఉన్నదీ అక్కడొక్కచోటే. ఆ కొరడా కూడా తాళ్లతో అప్పటికప్పుడు పేనుకున్నది. తాడు పేనుతూ కూర్చున్న మనిషికి ఆలోచించుకునే టైం ఉంటుంది. ఆ కొరడా మనుషుల మీద పడిందా, గొర్రెల్నీ ఎడ్లనీ తోలడానికేనా అన్నది గ్రీకు వాక్యం కూర్పును బట్టి పండితులు ఇప్పటికీ వాదించుకునే విషయం. పశువులకే అన్న వైపు నేను మొగ్గుతాను. ఎవరికైనా దెబ్బ తగిలిందని సువార్తలు రాసిన నలుగురిలో ఏ ఒక్కరూ రాయలేదు.

ఇంకో చిన్న సంగతి నన్నెప్పుడూ ఆపుతుంది. పావురాలమ్మేవాళ్లతో ఆయన "వీటిని ఇక్కడనుండి తీసికొని పొండి" అన్నాడని యోహాను రాశాడు. గొర్రెను తోలితే మళ్లీ పట్టుకోవచ్చు, చిందిన రూకలు ఏరుకోవచ్చు. పావురం ఎగిరిపోతే పోయినట్టే. మత్తయి, మార్కు మాత్రం పావురాలమ్మేవాళ్ల పీటలు కూడా పడద్రోశాడని రాశారు కాబట్టి దీని మీద మరీ పెద్ద మేడ కట్టను. కానీ పావురాలు ఎవరి అర్పణ? గొర్రెపిల్ల కొనలేని బీదవాళ్లది. ఆయన తల్లి మరియ తెచ్చింది కూడా ఆ బీదల అర్పణే అని లూకా 2వ అధ్యాయం చెబుతోంది.

రోమా సైన్యం దేవాలయం పక్కనే అంటోనియా కోటలో ఉండేది. పౌలు మీద గొడవైనప్పుడు సైనికులు వెంటనే దిగివచ్చారని అపొస్తలుల కార్యములు 21లో ఉంది. యేసు విషయంలో అలా దిగిరాలేదు. కాబట్టి అది పెద్ద అల్లరి కాదని, ప్రవక్తలు చేసే సూచక క్రియలాంటిదని చాలామంది పండితుల అభిప్రాయం. యిర్మీయా అందరి ముందు కుండ పగలగొట్టాడే, అలాంటిది. యేసు నిజానికి రోముపై తిరుగుబాటుదారుడే అన్నవాళ్లూ లేకపోలేదు. 18వ శతాబ్దంలో జర్మనీలో రైమారస్, 1967లో ఇంగ్లండులో బ్రాండన్ అనే పండితులు ఆ వాదం చేశారు. అది నిలవదంటాను. తిరుగుబాటు నాయకుణ్ణి సిలువ వేసి అతని మనుషుల్ని ఊళ్లో వదిలేసే అలవాటు రోముకు లేదు.

మీరు క్రైస్తవుల్లో వేర్వేరు అభిప్రాయాలు ఏమిటని కూడా అడిగారు. 1742లో చార్లెస్ వెస్లీ పిల్లల కోసం రాసిన కీర్తన "మృదువైన యేసూ" అంటూ మొదలవుతుంది. పసిపిల్లల పడక ప్రార్థనకు చక్కగా ఉంటుంది. పెద్దయ్యాక కూడా దాన్నే పట్టుకుని కూర్చుంటేనే చిక్కు. వందేళ్ల తర్వాత ఇంగ్లండులో థామస్ హ్యూస్, చార్లెస్ కింగ్స్‌లీ లాంటి రచయితలు దానికి విరుగుడుగా కండబలం, ఆటలు, మగతనం కలిపిన క్రైస్తవాన్ని ముందుకు తెచ్చారు. 1940లో చికాగోలో వార్నర్ సాల్‌మన్ గీసిన క్రీస్తు ముఖం మళ్లీ మెత్తదనం వైపు తిప్పింది. ప్రపంచమంతా కోట్ల ప్రతులు వెళ్లిన బొమ్మ అది. మన ఇళ్లలోకీ వచ్చింది.

కఠినమైన యేసును కావాలనుకునేవాళ్లు ఒక చరిత్ర మాత్రం తప్పకుండా తెలుసుకోవాలి. 1922లో మ్యూనిక్‌లో హిట్లర్ ఒక ప్రసంగంలో తన ప్రభువు పోరాడేవాడని, కొరడా పట్టి దేవాలయంలోంచి తరిమినవాడని పొగిడాడు. ఎవరి మీద ద్వేషం రేపడానికో చెప్పక్కర్లేదు. 1939లో ఐసెనాక్ పట్టణంలో జర్మన్ ప్రొటెస్టంట్లు కొందరు ఏకంగా ఒక సంస్థే పెట్టి, కొత్త నిబంధనలోంచి, కీర్తనల పుస్తకంలోంచి యూదుల ఆనవాళ్లు చెరిపేసే పనికి దిగారు. మత్తయి 23లోని "అయ్యో"లను శతాబ్దాల పాటు యూదుల మీదికి రాళ్లలా విసిరిన చరిత్ర మన క్రైస్తవులది. ఆ మాటలన్నవాడు యూదుడు. ఆమోసు, యిర్మీయా తమ సొంత జనాన్ని తిట్టినట్టే, సొంత ఇంటివాళ్లను తిట్టాడు. బయటివాడు ఆ తిట్టు ఎత్తుకుంటే అది వేరే తిట్టవుతుంది. 1965లో రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు మరణానికి యూదులందర్నీ నిందించకూడదని అధికారికంగా ప్రకటించేదాకా కథ వచ్చింది.

ఇంకోవైపు మెన్నొనైట్లు ఉన్నారు. మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు మీరు చూసే ఉంటారు. 16వ శతాబ్దం నుంచి ఆ సంప్రదాయం యేసు సాత్వికతను ఆజ్ఞగా తీసుకుంది, కత్తి పట్టకూడదని. అది పిరికితనం కాదు, దానికోసం ప్రాణాలిచ్చారు. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైల్లోంచి రాసిన ఉత్తరంలో మార్టిన్ లూథర్ కింగ్ తనను అతివాది అన్నవాళ్లకు జవాబిస్తూ, యేసు ప్రేమ విషయంలో అతివాది కాదా అని అడిగాడు. మీ రెండు వర్గాలనూ ఒకే వాక్యంలో కూర్చోబెట్టాడు ఆయన.

మన దగ్గర కూడా అంతే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు, ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. "నాయొద్దకు రండి" అన్న పిలుపు విని వచ్చినవాళ్లు. అలా నమ్మినవాళ్లు ఊళ్లలో ఏమన్నారు? చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు, జాతరకు డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు. ఆ "తినం, కొట్టం, రాం" వల్ల దెబ్బలు తిన్నారు. విశ్రాంతి ఇస్తానన్న మెత్తని మాటే ఊరి కట్టుబాటును సవాలు చేసింది. విడిగా కొరడా అవసరం పడలేదు.

ఇక మీ పెద్దల మాటకు వస్తాను. "నోరు తెరవలేదు" అన్నది యెషయా 53:7. నిజమే, హేరోదు ఎదుట ఆయన ఒక్క మాట అనలేదు. కానీ అంతకు ముందు రాత్రి, అన్న అనే యాజకుడి ఇంట్లో బంట్రోతు చెంప మీద కొడితే ఏమన్నాడు? యోహాను 18:23: నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చూపించు, సరిగ్గా మాట్లాడితే "నన్నేల కొట్టుచున్నావు". రెండో చెంప చూపించమని బోధించినవాడే కారణం అడిగాడు. తిరిగి కొట్టలేదు, ఊరకా ఉండలేదు. "తన విషయంలో మౌనం, ఇతరుల విషయంలో కోపం" అని ప్రసంగాల్లో ఒక సూత్రం చెబుతుంటారు. నేనూ చాలా ఏళ్లు చెప్పాను. ఈ వచనం దగ్గర ఆ సూత్రం ఆగిపోతుంది, అందుకని మానేశాను.

మానడానికి ఇంకో కారణం ఉంది, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. చాలా ఏళ్ల కిందట క్లాసుకు వచ్చే ఒకామె భర్త కొడుతున్నాడని ఒప్పుకుంది. ఎండలో కూడా పొడుగు చేతుల జాకెట్ వేసుకుని వచ్చేది. మేం, అంటే నేనూ ఇంకో ఇద్దరు పెద్దలమూ, "ప్రభువు సాత్వికుడు కదమ్మా, ఓర్చుకో, ప్రార్థన చేద్దాం" అన్నాం. ఆమె తల ఊపింది. తర్వాత క్లాసుకు రావడం మానేసింది. పుట్టింటికి వెళ్లిపోయిందని చాలా రోజులకు తెలిసింది. ఆ రోజు మేం ఆమెకిచ్చింది మత్తయి 11:29 కాదు. అందులో ఆ మాట తన గురించి ఆయన చెప్పుకున్నది, బరువు మోస్తున్నవాళ్లను పిలుస్తూ. బరువు మోయించేవాళ్లు దాన్ని ఎత్తుకొచ్చి మోసేవాళ్ల నెత్తిన పెట్టడానికి కాదు. తర్వాతి వచనంలో "నా కాడి సుళువు" అంటాడు. మా నాన్న వ్యవసాయం చేసేవాడు. కాడి చెక్కేటప్పుడు ఎద్దు మెడకు పట్టి చూసి మళ్లీ మళ్లీ చిత్రిక పట్టించేవాడు. సరిగ్గా అమరకపోతే ఒరుసుకుని పుండు పడుతుంది, పుండు పడ్డ ఎద్దును కట్టకూడదు. సుళువు అన్నచోట గ్రీకులో ఉన్న "క్రేస్తోస్"కు మంచిది, దయగలది, చక్కగా ఇమిడేది అన్న అర్థాలున్నాయి. మేం ఆమె మెడ మీద పుండు చూడలేదు, కాడి మోయమన్నాం.

అలాగని ఇప్పుడు మీ కుర్రాళ్లు బల్లలు పడద్రోయడానికి బయల్దేరితే నాకు టెన్షనే. ఆ వచనం ఎత్తుకునే ప్రతివాడూ తనను యేసు పక్కన నిలబెట్టుకుంటాడు, బల్ల వెనక కూర్చున్నవాళ్లలో ఎప్పుడూ చూసుకోడు. పేతురుకు "ధన్యుడవు" అన్న మాటా, "సాతానా, నా వెనుకకు పొమ్ము" అన్న మాటా మత్తయి 16లో ఆరు వచనాల తేడాతో పడ్డాయి. మనకు రెండోది ఎప్పుడు పడుతుందో తెలియదు.

లెక్కల విషయానికి వస్తే, మీ సంఘంలో ఆ మనిషి అడిగింది సంఘం సొమ్ము గురించి కాబట్టి, ఒక కాగితం మీద మర్యాదగా రాసి, ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టి, వార్షిక కూటంలో చదవమని అడగండి. కేకలొద్దు, ఫేస్‌బుక్ ఒద్దు, మౌనమూ ఒద్దు.

వచ్చే యూత్ మీటింగ్‌లో వాదన పెట్టకండి. మార్కు 10వ అధ్యాయం మొత్తం, 52 వచనాలు, ఒకరి తర్వాత ఒకరు పైకి చదవండి. పదిహేను నిమిషాలు కూడా పట్టదు. 13వ వచనంలో శిష్యులు పిల్లల్ని తెచ్చినవాళ్లను "గద్దించిరి" అని వస్తుంది. ఆ మాట కింద గీత గీసుకోమనండి. 48వ వచనంలో యెరికో దారి పక్కన అడుక్కునే గుడ్డి బర్తిమయి కేకలేస్తుంటే, ఊరకుండమని అనేకులు "గద్దించిరి". గ్రీకులోనూ అదే క్రియ. అతను ఊరుకోలేదు, ఇంకా గట్టిగా అరిచాడు. యేసు నడక ఆపి నిలబడ్డాడు. అతన్ని పిలవమని, అప్పటిదాకా నోరు మూయించిన వాళ్లనే పంపాడు.